వరదలో మునిగి పాత ఇంజను పోయింది, కొత్తది పాత బెడ్డు మీద కూర్చోవట్లేదు

భవానీపురం తెరచాప:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. నేనూ మా బావా కలిసి కొనుక్కున్న 26 అడుగుల ఫైబర్ తెరచాప పడవ ఒకటి భవానీపురం వైపు ఒడ్డున కట్టి ఉండేది. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు వచ్చిన వరద మీ అందరికీ గుర్తుండే ఉంటుంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల దాకా పోయింది. తాళ్లు తెగి కొట్టుకుపోయి బ్యారేజీ గేట్లను గుద్దుకున్న పడవల్లో మాది లేదు, అంతవరకు దుర్గమ్మ దయ. కానీ ఏదో దుంగ వచ్చి తగిలి పడవ ఒరిగింది, లోపలికి నీళ్లు చేరాయి. వరద తీశాక వెళ్లి చూస్తే ఇంజను బురదలో ఉంది. పిస్టను పట్టేసింది. విప్పించి చూస్తే సిలిండరు బోరు లోపల తుప్పు బాగా తినేసింది, ఇక దానిమీద డబ్బు పెట్టొద్దన్నారు.

పాతది యన్మార్ 1జీఎం10, ఒకటే సిలిండరు, 9 హెచ్‌పీ. చాలాకాలం ఆగి ఇప్పుడు కొత్తది తెప్పించాం, యన్మార్ 2వైఎం15, రెండు సిలిండర్లు, 13.6 హెచ్‌పీ. పడవని గొల్లపూడిలో తెలిసినవాళ్ల ఖాళీ స్థలంలో దుంగల మీద నిలబెట్టాం. ఇంజను పక్కనే పెట్టెలో ఉంది.

అసలు సమస్య ఇక్కడే. ఇంజను కూర్చునే పాత బెడ్డు అంటే అడుగున పొడవునా రెండు చెక్క దూలాలు, పైన ఫైబర్ కప్పారు. కొత్త ఇంజను వెనక కాళ్లు పాత బోల్టు కన్నాల అంచు మీద పడుతున్నాయి. ముందు కాళ్లకయితే కింద బెడ్డే లేదు, గాల్లో ఉంటున్నాయి. పైగా పాత కన్నాల్లో స్క్రూడ్రైవర్ పెట్టి గుచ్చితే చెక్క మెత్తగా దిగుతోంది, నల్లటి నీళ్లు వస్తున్నాయి. వడ్రంగి చెక్క ముక్కలు అతికిస్తే చాలంటాడు. ట్రాక్టర్లు చేసే మెకానిక్కేమో ఇంజను కాళ్ల కింద ఉండే రబ్బరు మౌంట్లు తీసేసి దాన్ని సూటిగా బెడ్డుకే బిగించెయ్యమంటాడు, ఊగదట. మా బావ ఇనప ఫ్రేము వెల్డింగ్ చేయించి అందులో కూర్చోబెడదాం అంటున్నాడు. ముగ్గురి మధ్య నాకు టెన్షన్ పెరుగుతోంది.

ఫ్యాన్ని (ప్రొపెల్లర్ని) తిప్పే షాఫ్టుకీ గేర్‌బాక్సుకీ అలైన్‌మెంటు, అంటే రెండూ ఒకే గీతలో ఉన్నాయో లేదో, ఇప్పుడు నేలమీద ఉండగానే చూసుకోవాలా, నీళ్లలో దించాక చూడాలా? పాత ఫ్యానే సరిపోతుందా? ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రేపల్లె రేవు:

ఇంత తిప్పలెందుకు బ్రదర్. కిర్లోస్కర్ 5 హెచ్‌పీ పంపుసెట్టు ఇంజను ఒకటి పడెయ్యండి. స్పేర్లు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి, మెకానిక్కు ప్రతి సందులో ఉంటాడు. ఆ జపాన్ ఇంజను వెనక్కి పంపేసి మిగిలిన డబ్బుతో రెండు తెరచాపలు కుట్టించుకోవచ్చు.

పటమట లేత్:

మాది ఆటోనగర్లో లేత్ షాపు. పడవ పని పెద్దగా తెలియదు కానీ ఇనుము సంగతి చెప్తాను. 75 బై 75, 10 ఎం.ఎం. మందం యాంగిల్ తీసుకుని రెండు పక్కలా పెట్టుకోండి, కాళ్లకి స్లాటు కన్నాలు కొట్టిస్తే అటూ ఇటూ జరుపుకోవచ్చు. వెల్డింగ్ అయిపోయాక గాల్వనైజింగ్ చేయించండి, ఉత్తి పెయింటు నీళ్ల దగ్గర నిలవదు. మీ బావగారి ఫ్రేము ఐడియా చెడ్డది కాదు గానీ మొత్తం ఫ్రేము ముందే వెల్డు చేసేసి తెచ్చారనుకోండి, పడవ అడుగు ఒక మి.మీ. వంకర ఉన్నా అది కూర్చోదు.

షాఫ్టూ, దాన్ని గేర్‌బాక్సుకి కలిపే కప్లింగూ ఊడదీసినప్పుడు తీసుకురండి, సెంటర్లలో పెట్టి తిప్పి వంకర ఉందో లేదో చూస్తాను. దుంగ తగిలిన పడవ అంటున్నారు కాబట్టి చూడకుండా ఎక్కించొద్దు.

బ్రాడీపేట ఫిట్టరు:

గుంటూరు నుంచి రాస్తున్నాను. విశాఖ డాక్‌యార్డులో ఇంజన్ ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు మనవళ్ల సైకిళ్లు బాగుచేయడమే పని. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక ఉంటే చదువు అబ్బాయ్.

ముందు రేపల్లె తమ్ముడికి. పంపుసెట్టు ఇంజను నీళ్లు తోడటానికి బంగారం లాంటిది, కాదనను. 1500 ఆర్‌పీఎం దగ్గర రోజంతా కొట్టుకుంటుంది. కానీ దానికి గేర్‌బాక్సు లేదు. న్యూట్రల్ ఉండదు, వెనక్కి పోయేది ఉండదు. ఘాట్ దగ్గరకొచ్చి పడవ ఆపాలంటే ఎలా? ఇంకో ముఖ్యమైన సంగతి: ఫ్యాను నీటిని వెనక్కి నెట్టిన బలమంతా షాఫ్టు గుండా ముందుకు వచ్చి ఇంజన్ని నెడుతుంది. మెరైన్ గేర్‌బాక్సులో ఆ నెట్టుడు మోయడానికే బేరింగు పెడతారు. పంపుసెట్టు క్రాంకు దానికోసం పుట్టింది కాదు. నాటు పడవల వెనక పొడుగు తోక వేసే ఇంజన్లు వేరు, ఆ అమరిక వేరు. ఇతని పడవ అడుగున షాఫ్టు కన్నం ఉంది, దాన్ని వదిలేసి వేరే దారి పట్టక్కర్లేదు.

ఇప్పుడు నీ సంగతి. మీరు ముగ్గురూ బెడ్డు దగ్గర మొదలుపెడుతున్నారు. బెడ్డు ఆఖరి పని. పడవలో కదలనిది షాఫ్టు దారి ఒక్కటే, అది వెళ్లే గొట్టం పడవ ఒళ్లుతో కలిసిపోయి ఉంటుంది. ఇంజను వచ్చి ఆ దారికి లొంగాలి, ఆ లొంగిన ఇంజను కాళ్ల కిందకి బెడ్డు రావాలి. పాత బెడ్డు ఎక్కడుందో మర్చిపో.

షాఫ్టు ఊడదీసి పటమట ఆయనకిచ్చెయ్, మంచి మాట చెప్పాడు. అది లేత్ మీద ఉన్నన్ని రోజులు నీకు ఖాళీ గొట్టం దొరుకుతుంది. గొట్టానికి రెండు చివరలా సరిపోయేట్టు చెక్క బిళ్లలు తిప్పించి నడిమధ్యన సూది కన్నం పెట్టు. బయట నుంచి ఆ రెండు కన్నాల గుండా సన్నటి స్టీలు తీగ దూర్చి, లోపల ఇంజను గది ముందు గోడ దాకా లాగి బిర్రుగా కట్టు. తాపీమేస్త్రి నూలు కట్టినట్టే, అంతకంటే బిగువుగా. గొట్టం వెనక చివర ఉండే రబ్బరు బేరింగు అరిగిందేమో కూడా అప్పుడే చూడు. షాఫ్టు అందులో వదులుగా కొట్టుకుంటే మిగతా కొలతలన్నీ వృథా. దాన్ని మార్చడానికి ఇంతకంటే మంచి సమయం రాదు.

ఆ తీగే నీ గేర్‌బాక్సు ఫ్లాంజి (కప్లింగు బిగించే గుండ్రటి బిళ్ల) నడిబొడ్డు. ఇక ఇంజన్ని ఇప్పుడే ఎత్తకు. 113 కిలోల వస్తువు, ఎత్తీ దించీ కొలిచేది కాదు. కంపెనీ డ్రాయింగులో ఫ్లాంజి మధ్యనుంచి నాలుగు కాళ్లకూ దూరాలు, ఎత్తులూ అన్నీ ఇచ్చి ఉంటారు. 12 ఎం.ఎం. ప్లైవుడ్‌తో ఆ కొలతలకు ఒక ఉత్తుత్తి ఇంజను చేసుకో: ముందొక పలక, వెనకొక పలక, తీగ దూరడానికి రెంటికీ కన్నాలు, పక్కల నాలుగు కాళ్లు. ఆయిల్ పాన్ ఎంత కిందికి వస్తుందో ఆ ముక్క కూడా అతికించు, లేకపోతే చివర్లో అడుగుకి తగులుతుంది. దాన్ని తీగకి ఎక్కిస్తే కాళ్లు గాల్లో ఎక్కడ ఉండాలో అక్కడే ఆగుతాయి. వాటి కిందనుంచి బెడ్డుకి ఎంత ఖాళీ ఉందో కొలుచుకో. యాంగిళ్లు ఏ ఎత్తులో బిగించాలో అప్పుడు తేలుతుంది, మీ బావ వెల్డింగ్ షాపుకి అప్పుడు వెళ్లమను.

మెత్తబడ్డ చెక్క మీద ముక్కలు అతికించడం కుదరదు. పై ఫైబరు కోసి తీసి, నల్లబడ్డ భాగం గట్టి చెక్క తగిలేదాకా చెక్కించు. రెండు మూడు వారాలు గాలికి ఆరనివ్వు, మన ఎండలకి ఆ పని తేలికే. తరవాత టేకు ముక్క ఎపాక్సీతో కూర్చి పైన ఫైబరు వేయించు. యాంగిళ్లని దూలానికి పై నుంచి స్క్రూలతో కాదు, పక్కనుంచి అడ్డంగా ఇవతలి నుంచి అవతలికి బోల్టు దూర్చి పెద్ద వాషర్లతో బిగించాలి. ఫ్యాను నెట్టినా వెనక్కి లాగినా ఆ బోల్టులే మోస్తాయి.

రబ్బరు మౌంట్లు తీసెయ్యమన్నవాడి చేతికి పడవ ఇవ్వకు. ట్రాక్టరుకి ఇనప ఛాసిస్ ఉంటుంది. నీది ఫైబర్. రెండు సిలిండర్ల డీజిల్ ఆ పలకల మీద సూటిగా కొట్టుకుంటే చెవులు పోతాయి, ఫైబరు అతుకులు విడతాయి. ఇంజనుతో వచ్చిన మౌంట్లే వెయ్యి. ముందువీ వెనకవీ రబ్బరు గట్టిదనంలో తేడా ఉండొచ్చు, మీద నంబరు చూసి ఎక్కడివక్కడే పెట్టు. మౌంటు మరమీద నట్టు మరీ పైదాకా ఎక్కకూడదు. ఎత్తు చాలకపోతే మౌంటు కింద స్టీలు పలక పెట్టు. నట్టు మరకి మధ్యలో ఉంటే తరవాత పైకీ కిందకీ సర్దుకునే వీలుంటుంది.

అలైన్‌మెంటు రెండుసార్లూ చూడాలి. నేలమీద దగ్గర దగ్గరగా తెచ్చుకో. అసలుది నీళ్లలోనే. దుంగల మీద నిలబెట్టిన ఫైబర్ పడవ ఆకారం వేరు, తేలేటప్పటి ఆకారం వేరు. తెరచాప స్తంభం నిలబెట్టి దాన్ని పట్టే తీగలు బిగించి, డీజిలూ నీళ్లూ నింపి, ఒకటి రెండు రోజులు తేలనిచ్చి అప్పుడు ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నటి రేకులు) పట్టుకో. కప్లింగు ముఖాల మధ్య పైనా కిందా, ఎడమా కుడీ నాలుగు చోట్లా సందు చూడు. 100 మి.మీ. ఫ్లాంజికి నాలుగింటి మధ్య తేడా 0.1 మి.మీ. దాటకూడదు. మెత్తటి రబ్బరు కప్లింగు వేస్తాం కదా, కొంచెం అటూ ఇటూ ఉన్నా సర్దుకుంటుంది అనేవాళ్లు ఉంటారు, వినకు. ముందు ఇనుముకి ఇనుము సరిచూసి, తరవాతే రబ్బరుది మధ్యలో వెయ్యాలి. కాడి కుదరని ఎద్దుకి మెడ పుండు పడ్డట్టు, ఇక్కడ తేడా ఉంటే షాఫ్టు చుట్టూ నీళ్లు లోపలికి రాకుండా ఆపే గ్లాండూ, బేరింగూ అరిగిపోతాయి.

ఇంకొకటి, దీన్ని చాలామంది వదిలేస్తారు. గ్లాండు నుంచి కప్లింగు దాకా షాఫ్టు గాల్లో వేలాడుతుంది కదా, దాని బరువుకి అది కిందకి వాలుతుంది. వాలిన షాఫ్టుకి ఇంజన్ని సరిచేస్తే తప్పు కొలత వస్తుంది. 25 మి.మీ. స్టీలు షాఫ్టు మీటరుకి దాదాపు 3.9 కిలోలు. గాల్లో ఉన్న ముక్క బరువులో సగం, దానికి కప్లింగు బరువు కలుపుకుని, అంత బరువు చూపించేదాకా స్ప్రింగు కాటాతో షాఫ్టుని పైకి లాగి పట్టుకో. పాత ఇనుము కొనేవాడి దగ్గర ఉండే కాటా చాలు. అప్పుడు షాఫ్టు తన అసలు దారిలో ఉంటుంది.

భవానీపురం తెరచాప:

పెద్దాయన గారూ, చదివాక నాకు చాలావరకు తేటపడింది. ఉత్తుత్తి ఇంజను ఐడియా మా బావకి తెగ నచ్చింది, ఫ్రేము మాట ఇక ఎత్తట్లేదు. ఫ్యాను గురించీ, పొగగొట్టం గురించీ కూడా చెప్తారా? పాతదాని పైపులే వాడుకోవచ్చా? 9 నుంచి 13.6కి వెళ్తున్నాం కాబట్టి స్పీడు బాగా పెరుగుతుందని మా బావ ఆశ.

బ్రాడీపేట ఫిట్టరు:

మీ బావ ఆశ మీద నీళ్లు చల్లక తప్పదు. నీటిని తాకే పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ ఒళ్లు పోగలిగే వేగం నాట్లలో వస్తుంది. నీ పడవకి నీటి గీత దగ్గర 21 అడుగులు ఉందనుకో, 6 నాట్ల పైచిలుకు, అంటే గంటకి 11 కిలోమీటర్ల చిల్లర. పాత ఇంజను నిశ్చలమైన నీళ్లలో దాని దగ్గరకే తీసుకెళ్లి ఉంటుంది. కొత్తదానితో వచ్చే లాభం ఎదురుగాలిలో, ఎదురు ప్రవాహంలో తెలుస్తుంది. బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజు ఒడ్డుకి రావడానికి పనికొస్తుంది, అంతే.

ఫ్యాను పాతదే వేసి చూడు, కానీ గేర్ నిష్పత్తి మారిందేమో ముందు ప్లేటు మీద చదువు. ఇంజను దాని గరిష్ఠ వేగం 3600 ఆర్‌పీఎం దగ్గర, గేరు 2.62 అయితే షాఫ్టు 1374 తిరుగుతుంది, 2.21 అయితే 1629. ఈ తేడాకి ఫ్యాను మార్చాల్సి వస్తుంది. నదిలో ఖాళీ చోట ఫుల్ థ్రాటిల్ ఇచ్చి ఆర్‌పీఎం చూడు. 3600 దగ్గరకి రాకుండా మూలుగుతూ నల్లపొగ కక్కితే ఫ్యాను పిచ్ (రెక్కల వాలు) ఎక్కువైనట్టు. తేలిగ్గా దాటిపోతుంటే తక్కువైనట్టు.

పైపులు పాతవి వాడకు. పాత ఇంజనుకి నదినీళ్లే సూటిగా సిలిండరు చుట్టూ తిరిగేవి. కొత్తదానికి లోపల కూలెంటు తిరుగుతుంది, నదినీళ్లు దాన్ని చల్లబరిచి పొగగొట్టంలో కలుస్తాయి. రెండు సిలిండర్ల పొగ కాబట్టి గొట్టం సైజు పెద్దది కావాలి, పుస్తకంలో రాసిన సైజే వేయించు.

ఆ నీళ్లు పొగలో కలిసే మోచెయ్యి (వంపు గొట్టం), పడవ తేలినప్పుడు నీటి గీతకి కనీసం ఒక జానెడు పైన ఉండాలి. నీ పడవలో ఉండకపోవచ్చు. లేకపోతే నీళ్ల పైపుని నీటి గీతకి అడుగు పైదాకా లూపు తిప్పి, పైన గాలి పీల్చే వాల్వు పెట్టు. అది లేకపోతే ఇంజను ఆపాక నది తనంతట తానే పైపు గుండా కారుతూ సైలెన్సరు నింపి, ఎగ్జాస్ట్ వాల్వు మీదుగా సిలిండర్లోకి వస్తుంది. వరదలో మునిగిన ఇంజను బాధ తెలిసినవాడివి, ఎండాకాలంలో ఒడ్డున కట్టి ఉండగా ఇంకొకటి ముంచుకోకు.

స్టార్టవకపోతే బటను అదే పనిగా నొక్కుతూ కూర్చోవద్దు. ఇంజను తిరుగుతున్నంతసేపూ పంపు నీళ్లు తోస్తూనే ఉంటుంది, వాటిని బయటికి ఊదే పొగ ఉండదు. బయటి నీళ్ల వాల్వు మూసి స్టార్టర్ నొక్కు, అంటుకున్న వెంటనే తెరువు. మీ కృష్ణలో గుర్రపుడెక్క సంగతి నేను చెప్పాలా? నీళ్ల జల్లెడ ఎక్కడో మూల దాచకుండా కూర్చుని చెయ్యి పెట్టగలిగే చోట బిగించు. తుప్పు పట్టకుండా షాఫ్టుకి వేసే జింకు బిళ్ల ఉప్పునీళ్ల సరుకు, మంచినీళ్లలో మెగ్నీషియంది వెయ్యాలి.

రేపల్లె రేవు:

పెద్దాయనా, పంపుసెట్టు మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒకటి గుర్తుచేస్తాను. ఇంజను నంబరు మారింది కాబట్టి రిజిస్ట్రేషన్ కాగితాల్లో కూడా మార్పించుకోండి. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వచ్చాక ఇవన్నీ గట్టిగానే అడుగుతున్నారు.

భవానీపురం తెరచాప:

కొత్త కబురు. షాఫ్టు నిటారుగానే ఉందని పటమట అన్న తేల్చారు, కప్లింగు ముఖం మాత్రం ఒక కోత వేశారు. వెనక బేరింగు మార్చాం. బెడ్డు పూర్తయింది, చైను కప్పీతో ఇంజను దించాం, పడవ నీళ్లలో ఉంది. పెద్దాయన చెప్పినట్టు కాటా పట్టుకుని సందులు కొలిచాను. పైన 0.30, కింద 0.10, ఎడమా కుడీ 0.20. షాఫ్టుని పావు వంతు చొప్పున తిప్పి చూసినా పెద్ద సందు పైనే ఉంటోంది. ముందు మౌంట్లకీ వెనక మౌంట్లకీ మధ్య 420 మి.మీ. ఇప్పుడు ఏ నట్టు ఎంత తిప్పాలి?

బ్రాడీపేట ఫిట్టరు:

శభాష్ అబ్బాయ్, తిప్పి చూడాలని నీకే తట్టింది. సందు షాఫ్టుతో పాటు తిరిగి ఉంటే కప్లింగు తప్పు. పైనే ఆగింది కాబట్టి ఇంజన్ని సర్దితే చాలు. ఎడమా కుడీ సమానం, వాటిని ముట్టుకోకు.

పైన తెరుచుకుందంటే ఇంజను ముక్కు కిందకి వాలినట్టు. 100 మి.మీ. ఫ్లాంజి మీద 0.2 తేడా, 420 దూరానికి లెక్క కడితే 0.84 మి.మీ. వస్తుంది. ముందు మౌంట్లు రెండూ అంత లేపాలి. మౌంటు మర పిచ్, అంటే ఒక చుట్టుకి నట్టు ఎంత జరుగుతుందో, కొలువు. 2 మి.మీ. అయితే సగం చుట్టుకి కొంచెం తక్కువ, రెండు పక్కలా సరిసమానంగా. ముక్కు లేచినప్పుడు వెనక ఫ్లాంజి ఒక వెంట్రుకవాసి కిందకి దిగుతుంది. అంచుల మీద స్కేలు నిలబెట్టి చూడు, దిగి ఉంటే నాలుగు నట్లనీ ఒకే కొలతన పైకి తీసుకో.

ఆ తరవాత లాకు నట్లు బిగించి మళ్లీ కొలువు. బిగించేటప్పుడే ఇంజను కదులుతుంది, వదులుగా ఉన్నప్పుడు వచ్చిన కొలత లెక్కలోకి రాదు. కొన్ని గంటలు నడిపాక రబ్బరు కాస్త అణుగుతుంది, అప్పుడు ఇంకోసారి చూడు.

భవానీపురం తెరచాప:

పిచ్ 2 మి.మీ.నే ఉంది. ముందు రెండూ లేపాను, అంచులు చూసి నాలుగూ కొంచెం పైకి తీశాను. లాకు నట్లు బిగించాక పైన 0.15, కింద 0.10, పక్కలు 0.15, 0.10. రబ్బరు కప్లింగు రేపు వేస్తాం. ఫుల్ థ్రాటిల్‌లో ఎంత ఆర్‌పీఎం వచ్చిందో నడిపాక ఇక్కడే రాస్తాను.

పటమట లేత్:

3600 రాకపోతే ఫ్యాను ఊడదీసి పిచ్ కొలిపించండి. మన దగ్గర ఆదివారం మధ్యాహ్నం దాకా షాపు తెరిచే ఉంటుంది.